నాలుగేళ్ళు పెంచిన కుర్రాడు కాంట్రాక్టుకి ఒప్పుకోవట్లేదు. ‘యాంబిషస్’ అని ఉంటే ఇక ఆశ వదులుకోవాల్సిందేనా?

మారతహళ్ళి_మేనేజర్

రెండు రాత్రులుగా ఇదే ఆలోచన. ఎఫ్‌ఎం 24 (ఫుట్‌బాల్ మేనేజర్, మనమే మేనేజర్‌గా జట్టుని నడిపే కంప్యూటర్ గేమ్)లో నా సేవ్, అంటే దాచుకుంటూ ఆడుతున్న ఆట. ఇంగ్లండ్ మూడో డివిజన్ లీగ్ వన్‌లో మొదలుపెట్టి ఏడో సీజన్‌కి వచ్చాను, ఇప్పుడు దాని పైనున్న చాంపియన్‌షిప్‌లో నాలుగో స్థానం. మా అకాడమీ నుంచి పదహారేళ్ళకి వచ్చిన రీజెన్ (గేమ్ సృష్టించిన కొత్త ఆటగాడు) ఒకడున్నాడు, సెంట్రల్ మిడ్‌ఫీల్డర్. పదిహేడో ఏట మొదటి మ్యాచ్ ఆడించింది నేనే. కాలు విరిగితే నాలుగు నెలలు వాడి చోటు ఖాళీగా ఉంచాను. ఇప్పుడు వాడికి ఇరవై, జట్టులో వాడి కంటే మంచి ఆటగాడు లేడు.

వారానికి 6,000 పౌండ్లు తీసుకుంటున్నాడు. 22,000 ఇస్తానన్నాను. మా క్లబ్‌లో ఇప్పటిదాకా ఎవరికీ 20,000 దాటలేదు. అయినా ఏజెంట్ కూర్చుని మాట్లాడటానికే ఒప్పుకోవట్లేదు. కాంట్రాక్టు వచ్చే ఏడాది జూన్ 30తో అయిపోతుంది, సేవ్‌లో ఇప్పుడు జనవరి. ప్రొఫైల్‌లో గేమ్ చూపించే పర్సనాలిటీ ‘యాంబిషస్’. అంటే వీడు ఎలాగూ ఆగడా? ఇంకా డబ్బు పెంచాలా? కోపం కంటే బాధ ఎక్కువగా ఉంది.

సిల్క్‌బోర్డ్_స్ట్రైకర్

అమ్మెయ్. ఇంకా పదిహేడు నెలలుంది కాబట్టి ఇప్పుడు నువ్వు చెప్పిందే రేటు. వచ్చే జనవరికి వాళ్ళు చెప్పిందే రేటు.

గుంటూరు_గోలీ

నాకూ ఇదే జరిగింది. కాంట్రాక్టు ఆఖరి ఆరు నెలల్లోకి రాగానే జర్మనీ క్లబ్ ఒకటి నాకు పైసా ఇవ్వకుండా మా వాడితో మాట్లాడేసుకుంది. అర్ధరాత్రి రెండింటికి ఇన్‌బాక్స్‌లో ఆ వార్త చూశాను. పొద్దున్నే ఆఫీసుకి క్యాబ్ ఎక్కాక కూడా అదే తలపు. బాధ అర్థమైంది బ్రో.

పాత_సీఎం_ప్లేయర్

కొంచెం పెద్దగానే రాస్తాను, ఎందుకంటే ఈ పర్సనాలిటీ పేర్లు చూసి మన వాళ్ళు చాలామంది పొరపాటు పడతారు. నేను చాంపియన్‌షిప్ మేనేజర్ 01/02 రోజుల నుంచి ఆడుతున్నాను, 2004లో పేరు ఫుట్‌బాల్ మేనేజర్‌గా మారాక కూడా వదల్లేదు.

ప్రొఫైల్‌లో కనిపించే ఆ ఒక్క మాట నిజానికి ఒక మూట. లోపల మనకి చూపించని అంకెలుంటాయి: యాంబిషన్, లాయల్టీ, ప్రొఫెషనలిజం, ప్రెషర్, టెంపరమెంట్, స్పోర్ట్స్‌మన్‌షిప్, అడాప్టబిలిటీ, కాంట్రవర్సీ. ఒక్కొక్కటి 1 నుంచి 20 వరకు. బయటికి కనిపించేవి డిటర్మినేషన్, లీడర్‌షిప్ మాత్రమే. ఆ మూటలో ఏది బరువుగా ఉంటే ఆ పేరు పెడుతుంది గేమ్. కాబట్టి ‘యాంబిషస్’ అంటే యాంబిషన్ బాగా ఎక్కువ, లాయల్టీ దాన్ని ఆపేంత లేదు అని అర్థం. డబ్బు మనిషి అని కాదు. యాంబిషన్ ఆకాశంలో ఉండి లాయల్టీ నేలకి అంటుకుపోయినవాడికి గేమ్ వేరే పేరు పెట్టింది, ‘మెర్సినరీ’ (కిరాయి మనిషి) అని. నీ వాడు అది కాదు.

అందుకే 22,000 చూపించినా కదల్లేదు. వాడి బాధ జీతం కాదు, చాంపియన్‌షిప్‌లో ఉండిపోతానేమో అన్న భయం. నువ్వు వాడు అడగని ప్రశ్నకి జవాబిస్తున్నావు.

సిల్క్‌బోర్డ్_స్ట్రైకర్

మాస్టారు చెప్పింది నిజమే. కానీ భయం పోగొట్టాలంటే ప్రమోషన్ రావాలి, అంటే జట్టు పై డివిజన్‌కి ఎక్కాలి, ప్రమోషన్ రావాలంటే వాడు ఆడాలి, ఈలోపు కాంట్రాక్టు కరిగిపోతుంది. అందుకే అమ్మెయ్ అన్నా.

హెచ్‌ఎస్‌ఆర్_హోల్డింగ్‌మిడ్

నేను రిక్రూట్‌మెంట్‌లో పని చేస్తాను, పదకొండేళ్ళుగా రోజూ ఈ మాటలే వింటాను. ‘నాలుగేళ్ళు పెంచాను, పోతానంటున్నాడు’ అని మేనేజర్లు చెప్పుకునే బాధ నిజమైనదే. కానీ ఇక్కడ మనలో ఎంతమంది మొదటి కంపెనీలోనే ఉన్నాం? నలభై శాతం హైక్ వస్తే నోటీస్ పీరియడ్ తొంభై రోజులైనా ఓర్చుకుని మారిపోయినవాళ్ళమే. అప్పుడు మనల్ని ఎవరైనా ‘మెర్సినరీ’ అంటే ఒప్పుకుంటామా?

ఆ కుర్రాడు నాలుగేళ్ళు నీకు 6,000కే ఆడాడు. జట్టులో అందరికంటే మంచోడు అని నువ్వే రాశావు. అంటే నష్టపోయింది నువ్వు కాదు. పోయిన వేసవిలోనే, రెండున్నరేళ్ళు మిగిలి ఉండగా, నువ్వే పిలిచి కొత్త కాంట్రాక్టు ఇచ్చి ఉంటే ఈ థ్రెడ్ ఉండేది కాదు. ఆఫీసుల్లో కూడా అంతే, రాజీనామా వచ్చాక ఇచ్చే కౌంటర్ ఆఫర్‌కి విలువ ఉండదు.

మారతహళ్ళి_మేనేజర్

అక్కా, రెండున్నరేళ్ళు కాదు, పోయిన వేసవికి రెండేళ్ళు మిగిలాయి. కానీ మాట నిజమే. అప్పుడు జీతాల బడ్జెట్ లేదు అని ఆగాను. 12,000కి అయిపోయేదేమో.

మాస్టారూ, ఒక సంగతి. వీడు అకాడమీ నుంచి వచ్చినప్పుడు ‘బ్యాలన్స్‌డ్’ అని ఉండేది. పాత సేవ్ ఫైల్ తెరిచి చూసి చెబుతున్నా. తరవాత ఎప్పుడు మారిందో తెలియలేదు. వయసుతో మారుతుందా?

జీరో_ట్రాన్స్‌ఫర్స్

సీనియర్ల గుణాలు కుర్రాళ్ళకి అబ్బే మెంటరింగ్ గ్రూప్‌లో వాడి పక్కన ఎవర్ని పెట్టావు?

మారతహళ్ళి_మేనేజర్

ఫ్రీగా వచ్చిన 33 ఏళ్ళ మిడ్‌ఫీల్డర్. డిటర్మినేషన్ 18 ఉందని పెట్టాను.

ఇప్పుడే వాడి పర్సనాలిటీ చూశాను. ‘మెర్సినరీ’.

గుంటూరు_గోలీ

దొరికాడు దొంగ!

జీరో_ట్రాన్స్‌ఫర్స్

అనుకున్నాను. నేను అకాడమీ పిల్లలతో మాత్రమే ఆడతాను, ఒక్కర్ని కూడా కొనను. అలా ఆడేవాళ్ళకి ప్రాణం ఈ మెంటరింగే. ఎఫ్‌ఎం 19 ముందు వరకు ట్యూటరింగ్ ఉండేది, ఒక పెద్దవాడికి ఒక చిన్నవాడు. ఇప్పుడు గ్రూపులు. పెద్దవాడి మంచి ఒక్కటే వడకట్టుకుని ఎక్కదు, గుణాలన్నీ కలిసి ఎక్కుతాయి. కనిపించే డిటర్మినేషన్ 18 చూసి మురిసిపోతాం, వెనకాల లాయల్టీ 2 ఉందని తెలియదు. జట్టులో పలుకుబడి ఉన్న సీనియర్ అయితే ఇంకా గట్టిగా ఎక్కుతుంది.

ముందు ఆ 33 ఏళ్ళవాణ్ని గ్రూప్ నుంచి తీసెయ్. మోడల్ సిటిజన్, మోడల్ ప్రొఫెషనల్, రెజల్యూట్, ఈ ముగ్గురిలో ఎవరు దొరికినా కుర్రాడి పక్కన పెట్టు. ఇరవై ఏళ్ళకి మారడం నెమ్మదిస్తుంది కానీ ఆగిపోదు. ఈ పదిహేడు నెలల్లో లాయల్ అవుతాడని మాత్రం ఆశపడకు. ఇది తరవాతి పిల్లల కోసం.

ఇంకోటి. యూత్ డెవలప్‌మెంట్ హెడ్ పర్సనాలిటీ చూశావా? ఏటా వచ్చే పిల్లల మీద ఆయన గుణం పడుతుంది. నేను ఆ పోస్టుకి మనిషిని తీసుకునేటప్పుడు రేటింగ్ స్టార్లు తరవాత చూస్తాను, పర్సనాలిటీ మొదట చూస్తాను.

పాత_సీఎం_ప్లేయర్

మెంటరింగ్ సంగతి నాకు తట్టలేదు, మంచి పట్టు పట్టారు.

దానికి ఇంకొకటి కలుపుతాను. ‘బ్యాలన్స్‌డ్’ అంటే మంచివాడు అని కాదు. గేమ్‌కి ఏ పేరూ కుదరకపోతే పెట్టే పేరు అది. అందులో ఒదిగిన బంగారం ఉండొచ్చు, తేలు కూడా ఉండొచ్చు. అందుకే పక్కనే మీడియా హ్యాండ్లింగ్ స్టైల్ చదవాలి. ‘లెవెల్ హెడెడ్’, ‘రిజర్వ్‌డ్’ ఒక దారి, ‘ఔట్‌స్పోకెన్’, ‘కన్‌ఫ్రంటేషనల్’ ఇంకో దారి. రెండూ కలిపి చదివితే మూటలో ఏముందో సగం తెలుస్తుంది. స్కౌట్ రిపోర్ట్‌లో, కోచ్ రిపోర్ట్‌లో వచ్చే ఒక్కో వాక్యం మిగతాది చెబుతుంది.

సిల్క్‌బోర్డ్_స్ట్రైకర్

ఎడిటర్ పెట్టుకుంటే అంకెలన్నీ కనిపిస్తాయిగా, ఇంత జాతకం ఎందుకు.

పాత_సీఎం_ప్లేయర్

కనిపిస్తాయి. కానీ ఎదుటి మనిషి మనసు అంకెల్లో చూసేస్తే మేనేజర్‌గా నాకు పని మిగలదు. ఎవరిష్టం వాళ్ళది, నేను మాత్రం తెరవను.

కంఠీరవ_వెస్ట్‌బ్లాక్

లాయల్టీ గురించి ఇంతసేపు మాట్లాడుకుంటూ మన ఊరి మనిషిని మర్చిపోతే ఎలా. సునీల్ ఛెత్రీ 2013లో బెంగళూరు ఎఫ్‌సీ పుట్టినప్పుడే వచ్చాడు. మొదటి సీజన్‌లోనే ఐ-లీగ్ గెలిచాం. మధ్యలో ముంబయి సిటీకి లోన్ మీద (కొంతకాలం అరువుగా) వెళ్ళొచ్చాడు, అంతే. 2018-19లో ఐఎస్‌ఎల్ కప్పు ఎత్తినప్పుడు కూడా మనవాడే. ఏ యాంబిషన్ లేనివాడు దేశానికి 95 గోల్స్ కొట్టడు. యాంబిషన్, లాయల్టీ ఒకే మనిషిలో ఉండకూడదని ఎక్కడా లేదు.

కంఠీరవ స్టేడియం గేలరీలో నిలబడి ఆయన పేరు అరిచినవాళ్ళకి ఈ మాట చెప్పక్కర్లేదు.

హెచ్‌ఎస్‌ఆర్_హోల్డింగ్‌మిడ్

ఒప్పుకుంటాను, కానీ ఒక చిన్న తేడా. ఆయన ఉన్న చోటే దేశంలో పెద్ద క్లబ్ అయింది. 2016లో ఆసియా క్లబ్బుల పోటీ ఏఎఫ్‌సీ కప్ ఫైనల్ దాకా వెళ్ళిన మొదటి భారతీయ క్లబ్ ఇదే. ఉన్న చోటే మెట్లు కనిపిస్తే యాంబిషన్ ఉన్నవాడు కూడా ఉంటాడు. మారతహళ్ళి కుర్రాడికి మెట్లు కనిపించట్లేదు.

కంఠీరవ_వెస్ట్‌బ్లాక్

అది కరెక్టే అక్కా. గెలుస్తుంటే ఎవరూ పోరు.

గుంటూరు_గోలీ

ట్రెంట్ అలెగ్జాండర్-ఆర్నాల్డ్ గెలుస్తుండగానే పోయాడు కదా. లివర్‌పూల్ కుర్రాడు, ఆరేళ్ళ వయసులో అకాడమీలో చేరాడు, 2025లో లీగ్ గెలిచిన వెంటనే రియల్ మాడ్రిడ్. కాంట్రాక్టు చివరిదాకా నడిపాడు. క్లబ్ వరల్డ్ కప్‌కి ఒక నెల ముందు కావాలని మాడ్రిడ్ వాళ్ళు ఏదో కొంచెం ఇచ్చారు తప్ప లేకపోతే అదీ లేదు.

పాత_సీఎం_ప్లేయర్

దీనికంతటికీ మూలం 1995 డిసెంబర్ 15. బెల్జియం ఆటగాడు జాన్-మార్క్ బోస్మన్ కేసులో యూరప్ కోర్టు తీర్పు ఇచ్చిన రోజు. అంతకు ముందు కాంట్రాక్టు అయిపోయినా క్లబ్బులు డబ్బు తీసుకోకుండా వదిలేవి కావు. ఆ తీర్పు తరవాతే కాంట్రాక్టులో మిగిలిన నెలలకి ఇంత విలువ వచ్చింది. గేమ్‌లో ఆఖరి ఆరు నెలలు వస్తే మన గుండె దడదడలాడేది కూడా అందుకే.

కానీ మారతహళ్ళికి ఒక ఊరట ఉంది. వాడికి కాంట్రాక్టు అయిపోయేసరికి ఇరవై రెండు లోపే. ఇంగ్లండ్‌లో 24 లోపు వాడు కాంట్రాక్టు అయిపోయి ఇంకో ఇంగ్లిష్ క్లబ్‌కి వెళ్తే పెంచిన క్లబ్‌కి నష్టపరిహారం వస్తుంది. నిజ జీవితంలో దీనికి షరతు ఏంటంటే, జీతం తగ్గకుండా కొత్త ఆఫర్ నువ్వు పెట్టి ఉండాలి. అలిగి ఆఫర్ పెట్టడం మానేస్తే అదీ పోతుంది. విదేశాలకి వెళ్తే మాత్రం వచ్చేది చిల్లరే. కాబట్టి వాడు కాదన్నా అడుగుతూనే ఉండు.

సిల్క్‌బోర్డ్_స్ట్రైకర్

పరిహారం నమ్ముకోవద్దు. వాడి అసలు విలువలో అది ఎంతో తక్కువ.

హ్యారీ కేన్‌ని చూడండి. టాటెన్‌హామ్ వాళ్ళు 2018లో ఆరేళ్ళ కాంట్రాక్టు రాయించుకున్నారు. 2021లో పోతానన్నాడు, పంపలేదు. 2023లో ఒక్క ఏడాది మిగిలి ఉండగా బాయర్న్‌కి అమ్మారు. ఆరేళ్ళు రాయించుకోబట్టే ఆ రెండేళ్ళు ఆపగలిగారు, ఇంకా మంచి రేటు వచ్చింది. పొడుగు కాంట్రాక్టే మందు.

జీరో_ట్రాన్స్‌ఫర్స్

పొడుగు కాంట్రాక్టు ఎవరికి ఇస్తున్నావన్నది చూడాలి. నా కథ చెబుతాను.

వింగర్ ఒకడు, పద్దెనిమిదేళ్ళు, మెరుపు. పర్సనాలిటీ ‘క్యాజువల్’. పట్టించుకోలేదు. ఎవరో ఎత్తుకుపోతారని భయపడి అయిదేళ్ళ కాంట్రాక్టు, వారానికి 45,000, ఏటా పది శాతం పెంపు. పది శాతమే కదా అనుకున్నా. అది చక్రవడ్డీ. అయిదో ఏడు వచ్చేసరికి 65,900 దగ్గర నిలబడింది. ఈలోపు వాడి ఆట ఎదగడం ఆగిపోయింది. ప్రొఫెషనలిజం తక్కువ ఉన్నవాడు ప్రాక్టీస్‌లో పెరగడు. పైగా ఉన్న జీతం ఎవరూ ఇవ్వరు కాబట్టి ఎక్కడికీ పోడు. మూడేళ్ళు బెంచ్ మీద కూర్చున్నాడు, సంతోషంగా.

అప్పటి నుంచి నా పద్ధతి ఒకటే. ప్రొఫెషనల్, రెజల్యూట్, మోడల్ సిటిజన్ అయితే పదిహేడేళ్ళకే పొడుగు కాంట్రాక్టు. క్యాజువల్, స్లాక్ అయితే రెండేళ్ళు, ఆపైన ఒక ఏడాది పొడిగించే హక్కు క్లబ్ చేతిలో.

గుంటూరు_గోలీ

అన్‌యాంబిషస్ వాళ్ళు కూడా ఇంతే అన్నా. నా దగ్గర ఒక లెఫ్ట్ బ్యాక్ ఉన్నాడు. ఏడాదిలో నాలుగు మ్యాచ్‌లు ఆడినా ఫిర్యాదు లేదు. అమ్ముదామంటే ‘ఇక్కడే హాయిగా ఉంది’ అంటాడు. మా పీజీలో తొమ్మిదేళ్ళుగా ఉంటున్న అన్నలాగా.

సిల్క్‌బోర్డ్_స్ట్రైకర్

ఆ అన్న అద్దె పెంచకుండా ఉంటున్నాడంటే మంచి ఏజెంట్ ఉన్నట్టే.

అనంతపురం_ఆఫ్‌సైడ్

చాలాసేపటి నుంచి చదువుతున్నా, ఒక మాట చెప్పాలనిపించింది.

నేను అనంతపురం స్పోర్ట్స్ విలేజ్‌లో ఆడుతూ పెరిగాను. విన్సెంట్ ఫెర్రర్ గారు పెట్టిన ఆర్డీటీ వాళ్ళ మైదానాలవి. మా బ్యాచ్‌లో అందరికంటే బాగా ఆడే కుర్రాడు పదిహేడేళ్ళకి బెంగళూరు క్లబ్ ఒకదానికి వెళ్ళిపోయాడు. మేమందరం వదిలేసి పోయాడనుకున్నాం. మా కోచ్ మాత్రం బస్టాండ్ దాకా వెళ్ళి ఎక్కించి వచ్చారు. బూట్లు కొనుక్కోమని జేబులో డబ్బు పెట్టారు. ఆ కుర్రాడు ఇప్పటికీ సెలవులకి వస్తే ముందు మైదానానికి వస్తాడు, తరవాతే ఇంటికి.

పిల్లవాడు ఎదగాలనుకోవడం నేరం కాదు. గేమ్‌లో ‘యాంబిషస్’ అన్న మాట ఎర్ర అక్షరాల్లో ఉన్నట్టు చూస్తున్నాం మనం. యాంబిషన్ ఉన్న పిల్లలే బాగా ఎదుగుతారు. ఆ గుణమే వాణ్ని ఇరవై ఏళ్ళకి మీ జట్టులో అందరికంటే మంచి ఆటగాణ్ని చేసింది. అదే గుణం ఇప్పుడు బయటికి చూస్తోంది. ఒకటి కావాలి, రెండోది వద్దంటే కుదరదు.

మారతహళ్ళి_మేనేజర్

ఈ పోస్ట్ రెండుసార్లు చదివాను. థాంక్స్ అన్నా.

హెచ్‌ఎస్‌ఆర్_హోల్డింగ్‌మిడ్

అనంతపురం చెప్పాక పెద్దగా చెప్పడానికి లేదు కానీ పని మాట ఒకటి మాట్లాడదాం.

యాంబిషస్ మనిషికి తలుపు మూసి జీతం పెంచితే భయపడతాడు. తలుపు తెరిచి ఉందని చూపిస్తే కూర్చుంటాడు. రిలీజ్ క్లాజ్ పెట్టు, అంటే ఇంత సొమ్ము ఇచ్చే క్లబ్ వస్తే అడ్డుచెప్పకూడదన్న షరతు. అందరికీ కాదు, పై డివిజన్ క్లబ్బులకి మాత్రమే వర్తించే మినిమమ్ ఫీ క్లాజ్ ఉంటుంది, అది. చాంపియన్‌షిప్ ప్రత్యర్థి ఎవడూ లాక్కెళ్ళలేడు. నువ్వు ప్రీమియర్ లీగ్‌కి ఎక్కితే ఆ క్లాజ్‌కి పై డివిజనే ఉండదు. వాడికేమో ‘పెద్ద క్లబ్ వస్తే నన్ను ఆపరు’ అన్న ధైర్యం. అయిదేళ్ళు అడక్కు, మూడేళ్ళు చాలు. ప్లేయింగ్ టైమ్ ‘స్టార్ ప్లేయర్’ అని రాయి, ఎందుకంటే వాడు నిజంగా అదే. జీతం 22,000 దాకా పోనక్కర్లేదు.

మాట్లాడటానికే రానంటున్నాడు కాబట్టి ఇప్పుడు కాదు. నాలుగైదు మ్యాచ్‌లు వరసగా గెలువు, పట్టికలో పైకి ఎక్కు, అప్పుడు అడుగు.

సిల్క్‌బోర్డ్_స్ట్రైకర్

నేను ఒప్పుకోను అక్కా. రిలీజ్ క్లాజ్ అంటే బేరం చేతిలోంచి పోయినట్టే. ఆ అంకె ఎవరైనా టేబుల్ మీద పెడితే ఇంకేమీ అడగలేవు. అదే నువ్వే అమ్మితే తరవాతి అమ్మకంలో 30 శాతం రాయించుకోవచ్చు, సీజన్ చివరిదాకా లోన్ మీద వెనక్కి అడగొచ్చు, వాయిదాల్లో ఎక్కువ తీసుకోవచ్చు. వీడు 25 ఏళ్ళకి 80 మిలియన్లకి పోయాడనుకో, ఆ 30 శాతంతో కొత్త ట్రైనింగ్ గ్రౌండ్ వస్తుంది.

పాత_సీఎం_ప్లేయర్

సిల్క్‌బోర్డ్ లెక్క తప్పు కాదు. మరీ చిన్న క్లబ్ అయితే నేనూ అదే చేస్తాను. కానీ నాలుగో స్థానంలో ఉన్న జట్టు జనవరిలో మంచి మిడ్‌ఫీల్డర్‌ని అమ్మితే డ్రెస్సింగ్ రూమ్ ఏమనుకుంటుంది? ‘మేం కూడా ఇక్కడ ఉండటం దండగ’ అనుకుంటుంది. యాంబిషన్ ఉన్నవాడు వాడొక్కడే ఉండడు కదా.

క్లాజ్ ఉన్నంత మాత్రాన పోతాడని కూడా లేదు. 2016లో లెస్టర్ లీగ్ గెలిచాక ఆర్సెనల్ వాళ్ళు జేమీ వార్డీ రిలీజ్ క్లాజ్ కట్టడానికి ముందుకొచ్చారు. వార్డీ వద్దన్నాడు. 2025 దాకా లెస్టర్‌లోనే ఆడాడు. సంతకం పెట్టాల్సింది చివరికి మనిషే.

జీరో_ట్రాన్స్‌ఫర్స్

బేరంలో కూర్చున్నాక ఒక జాగ్రత్త. ‘మ్యాచ్ హయ్యెస్ట్ ఎర్నర్’ క్లాజ్ ఏజెంట్ అడిగితే తీసేసి, మళ్ళీ పెట్టకుండా తాళం వేసెయ్. అది పెట్టావంటే రేపు ఎవరికి జీతం పెంచినా వీడికీ పెరుగుతుంది. ప్రమోషన్ పెంపు అడిగితే ఇవ్వు, ప్రమోషన్ వస్తే డబ్బు ఎలాగూ వస్తుంది. అన్నిటికీ తాళాలు వేయకు, ఏజెంట్‌కి ఓపిక అయిపోతే లేచి వెళ్ళిపోతాడు, మళ్ళీ కొన్ని వారాలు రాడు.

ప్రామిస్‌లు మాత్రం నిలబెట్టుకోగలిగినవే ఇవ్వు. యాంబిషస్ వాడికి మాట తప్పితే డ్రెస్సింగ్ రూమంతా తెలుస్తుంది.

మారతహళ్ళి_మేనేజర్

అర్థమైంది. శని, ఆదివారాలు సెలవు, కూర్చుంటా. 33 ఏళ్ళ పెద్దమనిషిని గ్రూప్ నుంచి ఇప్పుడే తీసేశాను.

గుంటూరు_గోలీ

శనివారం అప్‌డేట్ కోసం ఎదురుచూస్తుంటా. నాకు ఇంట్లో వేరే టీవీ సీరియల్ లేదు.

మారతహళ్ళి_మేనేజర్

అప్‌డేట్. ఆరు మ్యాచ్‌లు, అయిదు గెలుపులు, ఒక డ్రా. రెండో స్థానానికి వచ్చాం. మార్చి మొదటివారం ఏజెంట్‌ని మళ్ళీ అడిగితే ఈసారి కూర్చున్నాడు.

మూడేళ్ళు, వారానికి 17,500, ‘స్టార్ ప్లేయర్’, పై డివిజన్ క్లబ్బులకి 26 మిలియన్ల రిలీజ్ క్లాజ్. వాళ్ళు 18 దగ్గర మొదలెట్టారు, నేను 34 అన్నాను, అలా అలా 26. హయ్యెస్ట్ ఎర్నర్ క్లాజ్ అడిగాడు, తాళం వేశాను, కొంచెం గొణిగాడు. సంతకం అయింది. జీతం నేను మొదట ఇస్తానన్న దాని కంటే 4,500 తక్కువ. అక్కా, మీరు చెప్పింది అక్షరాలా జరిగింది.

హెచ్‌ఎస్‌ఆర్_హోల్డింగ్‌మిడ్

చాలా సంతోషం. ఇప్పుడు ప్రమోషన్ తెచ్చుకో.

సిల్క్‌బోర్డ్_స్ట్రైకర్

26 తక్కువ అని ఇప్పటికీ అంటాను. కానీ సంతకం పెట్టించావు, శభాష్.

కంఠీరవ_వెస్ట్‌బ్లాక్

ఆరు మ్యాచ్‌ల్లో వాడు ఎన్ని కొట్టాడు?

మారతహళ్ళి_మేనేజర్

రెండు గోల్స్, నాలుగు అసిస్ట్‌లు.

గుంటూరు_గోలీ

సీజన్ ఏమైంది? పది రోజులైంది, చప్పుడు లేదు.

మారతహళ్ళి_మేనేజర్

రాయాలనిపించలేదు గోలీ. మూడో స్థానంలో ముగించాం. ప్రమోషన్ కోసం ఆడే ప్లేఆఫ్ ఫైనల్ వెంబ్లీలో 1-0తో ఓడిపోయాం, 88వ నిమిషంలో. మన గోల్‌లోకి ఆ బంతి రావడం ఇంకా కళ్ళముందే ఉంది.

జులై మొదటివారం ప్రీమియర్ లీగ్ క్లబ్ ఒకటి 26 కట్టేసింది. వాడు రెండు రోజులు ఆలోచించుకున్నాడు, వెళ్ళాడు. నేను ఆపడానికి ఏమీ లేదు, ఆపాలని కూడా అనిపించలేదు. ఫైనల్లో మనవాళ్ళలో అందరికంటే ఎక్కువ పరుగెత్తింది వాడే.

ఆ డబ్బులో సగం అకాడమీకి పెట్టమని బోర్డ్‌ని అడిగాను, ఒప్పుకున్నారు. యూత్ హెడ్‌గా ‘మోడల్ ప్రొఫెషనల్’ ఒకాయన్ని తీసుకున్నాను, రేటింగ్ మూడు స్టార్లే. జీరో బ్రో, మీ మాటే.

అనంతపురం_ఆఫ్‌సైడ్

బస్టాండ్ దాకా వెళ్ళి ఎక్కించి వచ్చావన్నమాట.

మారతహళ్ళి_మేనేజర్

అవును అన్నా. నిన్న రాత్రి వాడి ప్రొఫైల్ తెరిచి చూశాను. ఇష్టమైన క్లబ్బుల్లో మన క్లబ్ పేరుంది. ఇష్టమైన వ్యక్తుల్లో నా పేరుంది. ఎప్పుడు చేరిందో చూసుకోలేదు, సంతకం పెట్టినప్పటి నుంచే ఉందేమో.

జీరో_ట్రాన్స్‌ఫర్స్

అయితే షార్ట్‌లిస్ట్‌లో పెట్టు. ముప్పై రెండేళ్ళకి ఫ్రీగా వస్తాడు, అప్పుడు పిల్లల గ్రూప్‌లో వాణ్నే పెద్దగా కూర్చోబెట్టొచ్చు.

మారతహళ్ళి_మేనేజర్

పెట్టేశాను.